బాపు మళ్లీ బాయి దిగిన రోజులు

మా బాపుకు సముద్రం నచ్చలేదు. కళ్లకు తగిలించిన డబ్బాలో ఎటు తిరిగినా నీళ్లే కనపడేసరికి, కుర్చీలో ఉన్న మనిషి కాళ్లు రెండూ పైకి లాక్కుని, లుంగీ మోకాళ్ల దాకా ఎగదీసుకుని, "ఎవడురా నల్లా ఇడిచిపెట్టి పోయింది? ఇల్లంత నీళ్లు!" అని కేకలేశాడు. మంచుకొండలు చూపిస్తే మఫ్లర్ తెమ్మన్నాడు. పూలతోట చూపిస్తే హాయిగా నిద్రపోయాడు. పక్కన నిలబడి చూస్తున్న నాకు నవ్వాగలేదు. డబ్బా తగిలించిన అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"తాతకు నీళ్లు వద్దు, మంచు వద్దు. ఏం గావాల్నో మనకే తెల్వలే అక్కా," అంది.

ఇదంతా కరీంనగర్‌లో, మతిమరుపు జబ్బు ముదిరిన పెద్దవాళ్లను పగటిపూట చూసుకునే ఒక చిన్న కేంద్రంలో. అద్దె ఇంటి కింది భాగంలో నడుపుతున్నారు. ఆ అమ్మాయిది కాగజ్‌నగర్. తండ్రి కాగితం మిల్లులో షిఫ్టులు చేసిన మనిషి. ఈమె ఆక్యుపేషనల్ థెరపీ, అంటే జబ్బుపడ్డవాళ్లతో రోజువారీ పనులు మళ్లీ చేయించే చదువు, చదువుకుంది. ఆ మాట నోరు తిరగక అక్కడి ముసలివాళ్లందరూ డాక్టరమ్మా అని పిలిచేవాళ్లు. పిలిచిన ప్రతిసారీ "నేను డాక్టర్ను గాదవ్వా" అని ఓపికగా దిద్దేది. వాళ్లు ఓపికగా మరిచిపోయేవాళ్లు.

వర్చువల్ రియాలిటీ అంటే ఏమిటో నాకూ అప్పటిదాకా తెలియదు. కుర్రకారు ఆటలాడుకునే వస్తువు అనుకున్నాను. తలకు బిగించే పట్టీ, కళ్ల ముందు నల్లటి డబ్బా, దాని నుంచి ఒక వైరు, నడుముకు కట్టే బ్యాటరీ. తల ఎటు తిప్పితే అటువైపు దృశ్యం కనిపిస్తుంది. వాళ్లు చూసేది పక్కనున్న ట్యాబ్‌లో మనకూ కనిపిస్తుంది. తలమీద ఎవరు చెయ్యి వేసినా విదిలించి కొట్టే బాపు, ఆ పట్టీ బిగిస్తుంటే మాత్రం గడ్డం పైకెత్తి బుద్ధిగా కూర్చునేవాడు. బ్యాటరీ కట్టేటప్పుడు తానే చేతులు పక్కకు జరిపేవాడు. ఆ వినయం ఎక్కడిదో మాకెవరికీ తట్టలేదు.

నేను బస్సు కండక్టర్‌ను. నా గొంతు పెద్దది, ఓపిక చిన్నది. మా బాపు బెల్లంపల్లిలో బొగ్గు బాయి సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. మా వైపు గనిని బాయి అంటాం, తండ్రిని బాపు, తల్లిని అవ్వ అంటాం. సర్దార్ అంటే తన కింది మనుషుల కన్నా ముందు లోపలికి పోయి, కర్రతో పైకప్పును తట్టి, ఆ చప్పుడును బట్టి ఇక్కడ పని చేయొచ్చు, అక్కడ వద్దు అని చెప్పే మనిషి. షిఫ్టు అయ్యాక అందరినీ పైకి పంపి చివరికి తాను వస్తాడు. రిటైరై కంపెనీ క్వార్టర్ ఖాళీ చేశాక అవ్వా బాపూ కరీంనగర్‌లో మా ఇంటికే వచ్చేశారు. కొన్నేళ్లు మనవలతో, కూరగాయల సంచితో, పేపరుతో బాగానే గడిచింది. తర్వాత బాపు ఒక్కొక్కటే మరిచిపోవడం మొదలుపెట్టాడు. మొదట వీధి, తర్వాత మనవల పేర్లు, తర్వాత నేను.

పొద్దున పూట బాగానే ఉండేవాడు. సాయంత్రమైతే చాలు, ఒంట్లోకి వేరే మనిషి వచ్చేవాడు. "షిఫ్టు టైమైంది, నన్ను పోనియ్యుండ్రి" అని బూట్లు అటుదిటు ఇటుదటు తొడుక్కుని గేటు దగ్గర నిలబడేవాడు. అడ్డం పోతే చెయ్యి చేసుకునేవాడు. ఒకసారి గేటు దాటి, బస్టాండు దాకా నడిచి, మంచిర్యాల బస్సెక్కి కూర్చున్నాడు. ఆ బస్సులో కండక్టర్ నాకు తెలిసిన ఆమె కాబట్టి గుర్తుపట్టి, సుల్తానాబాద్‌లో దింపి, టీ తాగించి, నేను పోయేదాకా బస్టాండు ఆఫీసులో కూర్చోబెట్టించింది. లేకపోతే మా బాపు ఏమైపోయేవాడో.

ఆ తర్వాత బాపును చూసే డాక్టరు, మనిషిని నెమ్మదిగా ఉంచే మాత్ర పెంచాడు. ఇల్లు సద్దుమణిగింది. ఆ నెమ్మది నాకు ఏమాత్రం నచ్చలేదు. బాపు నోరు తెరుచుకుని, చొక్కా మీద చొంగ కారుతుంటే తుడుచుకోవాలన్న ధ్యాస లేకుండా గోడకు చేరగిలబడి ఉండేవాడు. పెట్టిన ముద్ద బుగ్గలోనే ఉండిపోయేది. అవ్వ గొంతు నిమిరి మింగించేది. నన్ను గుర్తుపట్టకపోతే పోనీ, తిట్టినా కొట్టినా పరవాలేదు, మనిషి మనిషిగా ఉంటే చాలని నా బాధ. డాక్టరుతో గొడవపెట్టుకున్నాను. ఆయన కోప్పడలేదు. "సాయంత్రాలు వేరే ఏ రకంగానైనా కుదుటపడితే మాత్ర తగ్గిద్దాం. కుదుటపడకపోతే ఆయన మళ్లీ రోడ్డు మీద పడతాడు. అది నేను ఒప్పుకోను," అన్నాడు. ఆ వేరే రకాన్ని వెతుక్కుంటూనే నేను ఈ కేంద్రానికి వచ్చాను. ఇది కుదరకపోతే బాపు మిగిలిన రోజులన్నీ ఆ గోడకు ఆనుకునే గడిచిపోతాయి.

సముద్రం సంగతి తేలిపోయాక ఆ అమ్మాయి నన్ను కూర్చోబెట్టి బాపు గురించి అడిగింది. బాయి అని చెప్పగానే కళ్లు పెద్దవి చేసింది. "మరి గదే సూపియ్యాలె గదా! మన పక్కన బాయి పెట్టుకోని యాడనో ఉన్న మంచుకొండలు సూపిస్తున్న, నా తెలివి జూడు," అని తన నెత్తి తానే కొట్టుకుంది. బెల్లంపల్లి వైపు కొత్తగా పనిలో చేరేవాళ్లకు నేర్పడానికి కట్టిన నమూనా గని ఒకటుంది. బొగ్గు తీసేది కాదు, కానీ లోపల అన్నీ అచ్చంగా అట్లాగే ఉంటాయి. పెళ్లి వీడియోలు తీసే ఒక స్నేహితుడి దగ్గర చుట్టూ తీసే కెమెరా అరువు తెచ్చుకుని, అక్కడి పెద్దలను బతిమాలి, సెలవురోజు పోయి లోపలంతా వీడియో తీసి తెచ్చింది. జీతానికి అందరూ పనిచేస్తారు. ఆమె పనిచేసే తీరు చూస్తే జీతం సంగతి ఆమెకు గుర్తుందా అనిపించేది.

దాన్ని బాపుకు చూపించిన రోజు నాకు డ్యూటీ లేదు. నేనూ ఉన్నాను. డబ్బా తగిలించగానే ట్యాబ్‌లో నల్లటి గోడలు, పైకప్పును ఆపుతూ నిలబెట్టిన దుంగలు, ఎక్కడో చుక్క చుక్కగా నీళ్లు పడుతున్న చప్పుడు. బాపు తల అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఒంగిపోయిన వీపు తిన్నగా అయింది. మళ్లీ తానే కావాలని మెడ వంచాడు.

"తలకాయ ఒంచుండ్రి. కప్పు తక్కువున్నది," అన్నాడు.

గొంతు మారిపోయింది. అది మా ఇంట్లో నేను ఎప్పుడూ వినని గొంతు. కుడిచెయ్యి గాలిలోకి చాచి, పిడికిట్లో కర్ర ఉన్నట్టే పైకి తట్టి, చెవి ఒగ్గి విన్నాడు. "ఓ తమ్మీ, గా మూలకు పోకు. గాడ సప్పుడు మంచిగ లేదు. గిటు రా, గిటు. జల్దేం లేదు, జర నిమ్మలంగ," అంటూ ఎవరినో దగ్గరికి పిలిచాడు. మాత్రల మత్తులో మాట ముద్దగా వచ్చే మనిషి, ఒక్క మాట తడబడకుండా పని నడిపిస్తున్నాడు. బుద్ధి తెలిసిన నాటి నుంచీ బాపు పనికి పోవడం చూశాను, పనినుంచి రావడం చూశాను. పని చేయడం చూడలేదు. ఆడవాళ్లం, పిల్లలం అక్కడికి పోయేది లేదు కదా. మా బాపు ఇంత గట్టి మనిషా అని గర్వంతో నాకు ఏడుపొచ్చింది.

వీడియో చిన్నది. అయిపోగానే డబ్బాలో చీకటైంది. ఆ అమ్మాయి సంతోషం పట్టలేక "తాతా, మస్తు జేసినవ్!" అంటూ పట్టీ విప్పి డబ్బా తీసేసింది. అదే మేం చేసిన తప్పు.

బాపు నిలబడ్డచోటే కిందికి కూలబడ్డాడు. గోడ తడుముకుని వీపు ఆనించి, మోకాళ్లు దగ్గరికి తీసుకుని కూర్చున్నాడు. లేపితే లేవడు. నీళ్లిస్తే తాగడు. అన్నం టైమైంది, పళ్లెం ముందు పెట్టినా చూడలేదు. చుట్టూ ట్యూబులైట్లు వెలుగుతున్నా ఆ కళ్లు చీకట్లో ఉన్నట్టే పెద్దవిగా తెరుచుకుని ఉన్నాయి. బాపుకు షుగరు జబ్బు కూడా ఉంది, ఇంకొంచెం సేపైతే షుగరు పడిపోతుందని నాకు భయం పట్టుకుంది. ఆ అమ్మాయి ముఖం తెల్లబోయింది. నా గొంతు సంగతి చెప్పాను కదా, ఆ వీధంతా వినపడేలా ఆమెను తిట్టాను. బాగున్న మనిషిని ఆగం చేశావన్నాను. ఆమె బాపు పక్కన నేలమీద కూర్చుని ఆయన ముఖమే చూస్తోంది.

నా అరుపులకు బాపు నా వైపు తిరిగాడు. చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకుని, పక్కకు లాగి కూర్చోబెట్టాడు.

"మొత్తుకోకు. భయపడకు," అన్నాడు మెల్లగా. "కదలకుండ కూసో. మనం ఈడున్నమని పైనోళ్లకు ఎర్కే. ఎవరన్న లైటు వట్టుకోని వస్తరు."

 చిన్నప్పుడు క్వార్టర్‌లో కరెంటు పోతే బాపు చెప్పే మాట అదే. పిల్లలం చీకట్లో అటూ ఇటూ ఉరికితే కసిరేవాడు. ఎక్కడివాళ్లం అక్కడ కూర్చోవాలి, తానే టార్చి తెస్తాడు. బాయిలో అది ప్రాణాలు కాపాడే పద్ధతి. లోపల దీపం ఆరిపోయిన మనిషి ఒక్క అడుగు కూడా వేయకూడదు. ముందు ఏ గుంత ఉందో, ఏ బొగ్గు టబ్బు దొర్లుకుంటూ వస్తుందో తెలియదు. ఉన్నచోటే కూర్చుని, వెలుతురున్నవాడు వచ్చేదాకా ఆగాలి. బాపు ఆ పద్ధతి మరిచిపోలేదు. నన్ను మరిచిపోయిన మనిషి, పక్కనున్న ఎవరో ఆడమనిషి భయపడుతోందని చెయ్యి పట్టుకుని కాపాడుతున్నాడు.

ఆ డబ్బా ఆయనకు ఏమిటో అప్పుడర్థమైంది. బాయి దిగేవాళ్లకు నెత్తిన టోపీ, టోపీకి దీపం, దీపం నుంచి వైరు, నడుముకు బ్యాటరీ. పైన ల్యాంప్ రూములో తీసుకుంటారు, పైకొచ్చాక ల్యాంప్ రూములోనే ఇస్తారు. లోపల ఎంత పెద్ద అధికారి అడిగినా నెత్తి మీది దీపం తియ్యరు. మేం బాపును లోపలికి దింపి, మధ్యలో దీపం లాక్కున్నాం.

ఇది ఆ అమ్మాయికి గబగబా చెప్పాను. ఇంకొకరైతే అయ్యో అని కూర్చునేవాళ్లు. ఆమె లేచి, కిటికీ పరదాలన్నీ దించి, లైట్లు ఆర్పించి బయటికి పోయింది. కాసేపటికి ఫోన్ టార్చి వెలిగించి నుదుటికి ఆనించుకుని, తలుపు దగ్గర తల వంచి లోపలికి వచ్చింది.

"సర్దార్ సాబ్, లైటు తెచ్చిన. పోదాం పా," అంది.

బాపు లేచాడు. నా చెయ్యి మాత్రం వదల్లేదు. ఆమె వెనక అడుగులో అడుగు వేసుకుంటూ, గడప దగ్గర నా తల మీద చెయ్యి పెట్టి వంచి, నన్ను దాటించి, తాను దాటాడు. వాకిట్లో ఎండ ముఖాన పడగానే కళ్లు చికిలించి, గుండెనిండా గాలి పీల్చుకున్నాడు. "చాయ్ తాగుదాం," అన్నాడు. నేను ఆ అమ్మాయిని కౌగిలించుకున్నాను. తిట్టింది నేనే, ఏడ్చిందీ నేనే. ఆమె మాత్రం చాయ్‌తో పాటే అన్నం పళ్లెం కూడా తెమ్మని వంటామెకు చెప్పడానికి పోయింది.

ఇంట్లో అవ్వకు ఈ సంగతి తెలిసి భగ్గుమంది.

"బతుకంత ఆయన బాయిల కెల్లి పైకొచ్చేదాక దర్వాజల కూసున్న. సైరన్ జర ఆల్శం అయితే చాలు, నా పానం పోయేది. రిటైరైనంక ఇగ దిగుడు లేదని నిమ్మలపడ్డ. ఇప్పుడు నా కడుపుల పుట్టినదానివే ఆయనను మల్ల బాయిల దింపినవా?" అంది. ఆ డబ్బా ఊసెత్తితే ఊరుకోనంది.  ఆ సాయంత్రం బాపు మళ్లీ గేటు దగ్గర గొడవ చేశాడు. మళ్లీ మాత్ర వేశాం, మళ్లీ ముద్ద బుగ్గలో ఉండిపోయింది.

రెండు రోజులాగి ఆ అమ్మాయి మా ఇంటికే వచ్చింది. అవ్వ కూర్చోమని కూడా అనలేదు. ఆమె తానే పీట వాల్చుకుని, అవ్వ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే తానూ నాలుగు తీసుకుని ఒలవసాగింది. ఆ నాలుగూ అయ్యాక అడిగింది.

"అమ్మమ్మా, తాత బాయిల కెల్లి ఇంటికి ఎట్లొచ్చేటోడు?"

బాపు పని గురించి మమ్మల్ని అడిగినవాళ్లున్నారు. అవ్వను ఇంటికి వచ్చే తోవ గురించి అడిగినవాళ్లు లేరు. అవ్వ చేతిలో కాయ ఆగింది.

"అందర్ని పంపి ఆకర్న ఆయన ఎక్కొచ్చేది. లైటు అప్పజెప్పి, నల్లకాడ మొఖం కడుక్కునేది. ఎంత కడిగినా కండ్ల సుట్టు నలుపు పోకపోయేది. ఇంటికొచ్చి గడపల నిలవడేది. నేను 'ఒచ్చినవా' అనేది. ఆయన 'ఒచ్చిన' అనేది."

"గంతేనా?"

"గంతే. గా ఒక్క మాట ఇననీకే గదనే నేను పొద్దంత ఎదురుసూసింది."

ఆ అమ్మాయి అవ్వ చేతులు పట్టుకుంది. "అమ్మమ్మా, తప్పు నాదే. తాతను లోపటికి తోల్కపోయిన గానీ పైకి తేలే. రోజు సాయంత్రం తాత గేటుకాడ గొడవజేసుడు గిందుకేనేమో. షిఫ్టుకు పోలేదని పరేషాన్ గావట్టె. ఈసారి తాత దిగుతడు, పనిజేస్తడు, ఎక్కి ఇంటికొస్తడు. పైన లైటు తీసుకునేది మీరే గావాలె. ఇంకెవ్వరు తియ్యద్దు."

అవ్వ కాయలు ఒలవడం అయ్యాక లేచి చాయ్ పెట్టింది.

ఈసారి బెల్లంపల్లికి నేనూ పోయాను. బాపుతో పనిచేసి రిటైరైనవాళ్లు ఇంకా కొందరు ఆ చుట్టుపక్కలే ఉన్నారు. సంగతి చెప్పగానే పాత కాకీ చొక్కాలు వేసుకుని వచ్చేశారు. ఒకాయనకు మోకాళ్లు వంగవు. ఒకాయన ఎప్పుడో ఒడిశా నుంచి వచ్చి ఇక్కడివాడైపోయాడు, ఆయనకు చెవులు వినపడవు. "సర్దార్ ఇంటికి పోవాలంటే ముందుగాల్ల మేం ఎక్కాలె గదమ్మా," అని నన్ను ఓదారుస్తూనే అందరూ టోపీలు పెట్టుకున్నారు. సర్దార్ చివరికి ఎక్కుతాడు కాబట్టి కెమెరా చివర ఉండాలి. ఆ అమ్మాయి పొట్టిది, నాది బాపు ఎత్తు. అందుకని కెమెరా బిగించిన టోపీ నా నెత్తిన పెట్టారు. లోపల లైట్లన్నీ ఆర్పేశారు. ముందు ఆ ముసలివాళ్ల దీపాలు ఊగుతుంటే, వెనక నేనొక్కదాన్ని ఏటవాలుగా ఉన్న దారి ఎక్కుతూ వచ్చాను. బయట వెలుతురు, తర్వాత దీపం అప్పజెప్పే కిటికీ. అక్కడితో ఆపేశాం.

పాత వీడియో చివర అతికించి, మొదటిసారి దాన్ని మా ఇంట్లోనే, సాయంత్రం బాపు బూట్లు వెతుక్కునే వేళకు పెట్టాం. ఆ రోజు ఏం జరిగినా చూసుకోవడానికి ఆ అమ్మాయి పక్కనే ఉంది. బాపు దిగాడు. కప్పు తట్టాడు, మనుషులను అదిలించాడు, ఎవరినో మెచ్చుకున్నాడు. తర్వాత ముందు పోతున్న దీపాలు చూస్తూ "నడువుండ్రి, నడువుండ్రి, నేను ఎన్కనే ఉన్న" అంటూ కూర్చున్నచోటే కాళ్లు కదిపాడు. ట్యాబ్‌లో కిటికీ కనిపించగానే ఆ అమ్మాయి సైగ చేసింది. అవ్వ ముందుకు పోయి, పట్టీ విప్పి, డబ్బా తీసుకుంది. బాపుకు మొదట కనిపించింది అవ్వ ముఖమే.

"ఒచ్చినవా?" అంది అవ్వ.

"ఒచ్చిన," అన్నాడు బాపు. లేచి పోయి నల్లా కింద ముఖం కడుక్కున్నాడు. ఆ సాయంత్రం గేటు వైపు పోలేదు.

ప్రతి రోజూ అట్లా జరిగిందని చెప్పను. కొన్ని సాయంత్రాలు డబ్బా పెట్టుకోనని మొండికేసేవాడు. కొన్నిసార్లు బాయిలోనే కునుకు తీసేవాడు. పోయిన జ్ఞాపకం తిరిగి రాలేదు, నేను కూతురినని గుర్తూ రాలేదు. కానీ షిఫ్టు చేసొచ్చిన మనిషికి ఉండే నెమ్మది ఆయనకు దొరికింది. ఆ అమ్మాయి కేంద్రంలో పని అయ్యాక బస్సెక్కి మా ఇంటికి వచ్చి నాకు ఆ డబ్బా వాడటం నేర్పింది. ఎంతసేపు పెట్టాలి, కళ్లు తిరిగితే ఏం చేయాలి, ఎప్పుడు ఆపాలి, అన్నీ. డాక్టరు స్వయంగా వచ్చి ఒక సాయంత్రం చూసి పోయాడు. మాత్రను మొదట సగం చేశాడు, కొన్నాళ్లకు ఆ సగాన్నీ మాన్పించాడు. బాపు ముద్ద తానే కలుపుకోవడం మొదలుపెట్టాడు. కూరలో ఉప్పు తక్కువైందని అవ్వను తిట్టాడు. ఆ తిట్టుకు అవ్వ మురిసిపోయింది.

ఇప్పుడు చెప్పేది ఆ మాత్ర పూర్తిగా మానేశాక జరిగింది. ఒక సాయంత్రం బాపు పైకి ఎక్కి వస్తూ మధ్యలో ఆగిపోయాడు. తల పక్కకు వంచి ఏదో వింటున్నాడు.

"ఎవరో కొత్తోళ్లు దిగిన్రు. ఊపిరి గట్టిగ దీస్తున్నరు," అన్నాడు.

నాకేమీ వినపడలేదు. ట్యాబ్ గొంతు పెంచి చెవి దగ్గర పెట్టుకున్నాను. ముసలివాళ్ల అడుగుల చప్పుడు, నీళ్ల చప్పుడు, వాటి కింద ఎవరో వగరుస్తున్న ఊపిరి. అది నాదే. ఆ రోజు ఆ చీకట్లో నేను చచ్చేంత భయపడ్డాను. గోడలు మీదికి వస్తున్నట్టు, ముందున్న దీపాలు నన్ను వదిలేసి పోతున్నట్టు అనిపించింది. బయటికి వచ్చాక నవ్వేశాను, ఎవరికీ చెప్పలేదు. అది బొగ్గు తీసే గని కూడా కాదు. కప్పు కూలదు, గాలి ఆగదు, పిలిస్తే పలికే దూరంలో మనుషులున్నారు. అట్లాంటిచోట కాసేపటికే నా గతి అదైతే, ఈ మనిషి వయసంతా అసలు చీకట్లోకి దిగి, కప్పును తట్టి, పక్కవాళ్లను కాపాడి, ఇంటికొచ్చి మమ్మల్ని 'తిన్నరా' అని అడిగాడు. నా బాపు మీద నాకు అంత గౌరవం ముందెప్పుడూ కలగలేదు.

"నేనే బాపూ," అన్నాను, పక్కన మోకాళ్ల మీద కూర్చుని.

డబ్బా ఉన్న ముఖం నా గొంతు వైపు తిప్పాడు. "భయమైతుందా?"

"అయితుంది."

చెయ్యి చాచి నా భుజం వెతికి పట్టుకున్నాడు. ఊళ్లో మా బాపు ధైర్యం గురించి చెప్పనివాళ్లు లేరు. అవ్వకూ నాకూ ఆయన రాయిలాంటి మనిషి.

"కానియ్యి, ఏం కాదు. నాకు సుత రోజు అయితది," అన్నాడు మెల్లగా, ముందు నడిచేవాళ్లకు వినపడకుండా. "దిగినప్పుడల్ల అయితది. గానీ ఎవ్వరికి జెప్పలే. నేను భయపడ్డనని తెలిస్తే, గా పోరగాండ్లు ఎట్ల దిగుతరు?"

మాత్ర మత్తులో ఉంచి ఉంటే ఈ మాట నాకు దక్కకుండానే పోయేది. అవ్వ, వీడియోలో దీపం అప్పజెప్పే కిటికీ వచ్చేదాకా ఆగలేకపోయింది. డబ్బా ఉండగానే వచ్చి బాపు తలను కడుపుకు హత్తుకుంది. బాపు ఆమె చెయ్యి నెమ్మదిగా విడిపించుకుని, పైకి ఇంకా కొంచెం తోవ ఉందన్నాడు.